లెవెల్ నాబ్ ఒక్కటే తిప్పు

మహబూబాబాద్
అక్టోబర్, ఆదివారం

ఒరేయ్ తమ్మీ,

అక్క మాట్లాడుతుంటె ఫోన్ కట్ చేస్తవా? చెయ్ చెయ్. ఉత్తరం ఎట్ల కట్ చేస్తవో నేను సుత చూస్త. బాపు గూడ గిదే అన్నడు. "మీరిద్దరు ఫోన్ల ఒర్రుతుంటె గల్లంత బయటికొచ్చి నిలవడుతున్నరు. గీ పాటల లొల్లి తేలేదాంక ఏమున్న కాయితం మీద రాసుకోండ్రి" అని ఖరాకండిగ చెప్పిండు. బాపు మాటంటె మాటే గద. పోయి కవర్లు కొనుక్కొచ్చిన.

ఇగ విను. మొన్న కురవిల నరేందర్ బావ పెండ్లిల ఏమైందో నీకు సోయి ఉన్నదా? మొదటి పాట మంచిగనే ఎత్తుకున్నం. నడిమిట్ల నువ్వు నీ కొత్త డబ్బ మీద కాలుతోని ఒక బటన్ తొక్కినవ్. గిటార్ సప్పుడు దోమ పాడినట్టు సన్నగైపాయె. మన చర్చి బ్యాండు పెద్ద వెంకట్రామన్న డ్రమ్స్ కాడికెల్లి ఏందన్నట్టు నీ దిక్కు చూస్తుండంగనే ఇంకోటి తొక్కినవ్. పిడుగు పడ్డది! ముందట కూసున్న పెద్దమనిషి చేతిల కెల్లి బిర్యాని ప్లేటు జారి ఆయన పంచె మీదనే పడ్డది. నువ్వు కండ్లు మూసుకొని ఊగుతనే ఉన్నవ్.

ఇంక నా పాట సంగతి జెప్పాల్నా? బ్లౌజులు కుట్టుకుంట కుట్టుకుంట మిషిని చప్పుడు మీద నేను కట్టిన పాట. మన చర్చిల పుస్తకం భాషల పాటలే గని, మనం ఇంట్ల మాట్లాడే మాటల పాట ఏదన్న ఉన్నదా? ఇదొక్కటే. ఆఖరి చరణం కాడ నువ్వు లీడ్ వాయించుడు షురూ చేసినవ్, ఒక్క మాట ఎవ్వలకు వినవడలే. దిగినంక ఆడోల్లందరు నన్ను పట్టుకొని "అఖిలా, నీకు గొంతు చాలలేదు బిడ్డా" అన్నరు. నాకు గొంతు చాలలేదంట! 

వెంకట్రామన్న ఏమన్నడో తెలుసా? డిసెంబర్ల జనగామల అన్ని చర్చిలు కలిసి పాటల సభ పెడుతున్నరు గద. అండ్ల నా పాట మాటలు జనానికి మంచిగ వినవడితె గట్లనే రికార్డు చేయిస్తడంట. వినవడకుంటె మాటలన్ని పుస్తకం భాషలకు మార్చి, రూపతోని పాడిస్తడంట. రూప గొంతు మైకు లేకున్న స్టేషన్ దాంక వినవడుతది. "ఎవ్వలిచ్చిన్రు" అని నేను రాస్తె "ఎవరొసంగిరి" అని మారుస్తరు. నా పాణం పోయినట్టె. 

నీ డబ్బను జర కట్టేసుకో.

నీ అక్క
అఖిల

~

భూపాలపల్లి
అక్టోబర్

అక్కా, వందనాలు!

నీ ఉత్తరం చదివి యమున కడుపుబ్బ నవ్వింది. పెండ్లామై ఉండి నా దిక్కు మాట్లాడుతదనుకుంటె "అక్క కరెక్టే చెప్పింది" అంటది. నాకెవ్వలు లేరు. 

ముందుగాల ఆ డబ్బ సంగతి జెప్తె నువ్వే మురుస్తవ్. దాన్ని ప్రాసెసర్ అంటరు. ఇదివరకు గిటారోల్లు పెద్ద పెద్ద యాంప్లిఫయర్లు ఆటోల ఏసుకొని తిరిగేటోల్లు. గిప్పుడు ఆ యాంపుల గొంతులన్ని గీ డబ్బల నిండుకొని ఉన్నయ్. ఒక్కొక్క గొంతును ప్యాచ్ అంటరు. ఒక బటన్ తొక్కితె క్లీన్, గలగల వినవడుతది. ఇంకోటి తొక్కితె క్రంచ్, జర గరగర ఉంటది. మూడోది లీడ్. అక్కా, ఆ లీడ్ తొక్కి ఒక్క తీగె గుంజి పట్టుకుంటె ఎట్లుంటదో తెలుసా! చెల్పూర్ కాడ మా కరెంటు ప్లాంటు చిమ్నీ మీద నిలవడి భూపాలపల్లంత చూసినట్టుంటది. ప్లాంటుల పగలంత టర్బైన్ హాల్ల బోల్టులు బిగించి ఇంటికొచ్చి దాన్ని పెట్టుకుంటె నేను ఫిట్టర్ జీవన్ను కాదు, ఇంకెవన్నో.

కురవిల నాది తప్పే అనుకో. ఆ ప్యాచ్‌లు నేను ఇంటర్నెట్ల కెల్లి తీసుకున్న. చేసినోడు వానింట్ల వానికి ఎంత సప్పుడు కావాల్నో అంత పెట్టుకున్నడు. ఒకడు చారెడు వడ్డిస్తడు, ఇంకొకడు గంపెడు వడ్డిస్తడు. అదే లొల్లి.

గని ఇగ ఫికర్ చెయ్యకు. డబ్బల మీటర్ ఉన్నది, సప్పుడు ఎంత లేస్తుందో గీత మీద చూపిస్తది. రోజు డ్యూటీ దిగంగనే, బూట్లు గూడ ఇడువకుండ కూసొని, ప్రతి ప్యాచ్‌ను ఒక్క గీత మీదికి తెచ్చిన. హెడ్‌ఫోన్ల విన్న. జర మొద్దుగ వినవడితె ట్రెబుల్, అంటె సన్న సప్పుడు, పెంచిన. తరాజుల పెట్టి తూసినట్టున్నయ్. వచ్చే ఆదివారం ప్రాక్టీసుకు తెస్త, నువ్వే శెబాష్ అంటవ్.

జనగామల నీ పాట నీ మాటలతోనే ఉంటది. నాది పూచీ.

నీ తమ్ముడు
జీవన్

~

మహబూబాబాద్
నవంబర్

పూచీ పడ్డ తమ్మునికి,

శెబాష్! చర్చిల ఉన్న పావురాలన్ని లేచిపోయినయ్.

ప్రాక్టీసు కాంగనే బస్సుకు టైమైందని ఉరికినవ్. నువ్వు వాయిస్తుంటె ఏమైందో విను. క్లీన్ మంచిగనే ఉండె, అబద్ధం ఆడొద్దు. నువ్వు క్రంచ్ తొక్కంగనే రంపం పెట్టి కోసినట్టు ఆ సన్నపు సప్పుడు చెవులల్ల దిగింది. లీడ్ తొక్కినంక లత కీబోర్డు ఇడిచిపెట్టి చెవులు మూసుకున్నది. ఆమె నీ ఎనుక ఉన్నది గనుక నువ్వు చూడలే.

మన చర్చి పద్ధతి నీకు యాదికున్నదా, ఊరిడిచినంక మర్చిపోయినవా? పాట మాటలు వినవడకుంటె ఆఖరి బల్ల మీద కూసున్నోల్లు చెయ్యి లేపుతరు. మైకులు లేని కాలం కెల్లి వస్తున్న పద్ధతి. పోచమ్మవ్వ ఆఖరి బల్ల మీద కూసున్నది. నువ్వు రెండో పాట షురూ చేసినప్పుడు లేపిన చెయ్యి, నా పాట అయిపోయేదాంక దించనే లేదు. చెయ్యి గుంజుతుందని నడిమిట్ల ఇంకో చెయ్యి లేపింది. పాపం, ఆఖరికి కొంగు చింపి చెవులల్ల పెట్టుకున్నది. నువ్వు కండ్లు తెరిస్తె గద చూసుటానికి! 

నేను "తమ్మీ, తక్కువ చెయ్" అని సైగ చేస్తె నువ్వు బొటనవేలు లేపి నవ్వినవ్. చెవిటోని ముందట శంఖం ఊదినట్టున్నది నీతోని.

వెంకట్రామన్న మల్ల అన్నడు, "ఇంకో తాప చూస్త అఖిలా, కాకపోతె గిటార్ బంద్, ట్రాక్ పెట్టి రూపతోని పాడిద్దం" అని. నేను మిషిని కాడ కూసొని ఏడ్చిన తమ్మీ. నవ్వుకుంటనే రాస్తున్న గని ఏడ్చిన. ఆ పాట ఒక్కటే నాది. 

మీటర్ల అన్ని ఒక్క తీరున్నయంటవ్, వింటె ఒక్కటి లేదు. ఏం మీటరది?

అఖిల

~

భూపాలపల్లి
నవంబర్

అక్కా,

కోపమొచ్చింది నాకు. నిజంగనే వచ్చింది. అందుకనే తెల్లారి రాస్తున్న.

నేను మల్ల చూసిన. ప్రతి ప్యాచ్ అదే గీత మీదున్నది, ఎంట్రుక వాసి తేడా లేదు. ట్రెబుల్ సుత ఎక్కువ లేదు, నాకైతె ఇంక జర తక్కువనే అనిపిస్తుంది. పోచమ్మవ్వకు చెవుడు వచ్చిందేమో. లతకు గిటార్ అంటెనే పడది, ఎప్పటికెల్లో తెలుసు. ఆడరాక మద్దెల మీద పడ్డట్టు మీరందరు నా డబ్బ మీద పడ్డరు.

అసలు లొల్లి వేరేది. డబ్బల ఒక సన్న కూత వస్తుంది. కూ... అని, ప్రెషర్ కుక్కర్ ఆవిరి పట్టినట్టు. వైరు ఖరాబైందేమో అని వైరు మార్చిన. అడాప్టర్ మార్చిన. బోర్డుకు ఎర్తింగు లేదేమో అని పక్కింట్ల పెట్టి చూసిన. ఆడ సుత అదే కూత. హనుమకొండకు పట్టుకపోయి దుకాణంల చూపిస్తె "ఏం లేదు బ్రదర్, మంచిగున్నది" అన్నడు. వానికేం తెలుసు! డబ్బ బంద్ చేసినంక గూడ పొద్దుగాల దాంక ఆ కూత ఆగుతలేదు. కరెంటు లోపట నిలువ ఉంటుందేమో.

యమునకు చెప్తె "నువ్వు టీవీ గంత సప్పుడు పెట్టుకుంటె ఏ కూత వినవడుతది" అని అంటుంది. ఆమెకు నేను టీవీ చూస్తె పడది. 

నేను నీ పాట చెడగొట్టాలని చూస్తున్ననా అక్కా? గా మాట మాత్రం అనకు.

జీవన్

~

మహబూబాబాద్
నవంబర్, ఉత్తరం అందిన్నాడే

జీవన్ బిడ్డా,

కూసో. యమునను పక్కకు పిలిచి ఇది చదువు.

డబ్బ బంద్ చేసినంక కూత ఎట్ల వినవడుతదిరా? పక్కింట్ల పెట్టినా వినవడింది, దుకాణపాయనకు వినవడలే. కరెంటు నిలువ ఉంటదంట! అది డబ్బల లేదు తమ్మీ, నీ చెవులల్ల ఉన్నది.

బాపుకు చదివి వినిపిద్దామనుకొని నడిమిట్లనే ఆపిన. నువ్వు రోజంత టర్బైన్ కాడ ఉంటవ్. దిగంగనే, బూట్లు గూడ ఇడువకుండ, ప్యాచ్‌లు సరిచేస్తున్న అని నువ్వే రాసినవ్. ఆ ఘోష విని విని చెవులు మొద్దుబారి ఉంటయి. మొద్దుబారిన చెవులకు సన్నపు సప్పుడు అందదు, అందకపోతె నువ్వు ట్రెబుల్ పెంచినవ్. రోజంత మిరపకాయలు తొక్కినోనికి కూరల కారం తెలుస్తదా? ఇంకింత ఏస్తడు. తిన్నోల్లు చస్తరు. గంతే జరిగింది.

చెవిటోని ముందట శంఖం అని రాసిన నా చెయ్యి ఇరగ. నన్ను మాఫ్ చెయ్యి తమ్మీ.

పాట సంగతి అటుంచు. రేపే దవాఖానకు పో. జనగామ పోతె పోనియ్. నీ చెవులు పోతె నేను ఎవ్వనితోని కొట్లాడాలె?

అక్క

~

భూపాలపల్లి
నవంబర్

అక్కా,

పోయిన. నిన్ననే వరంగల్ పోయిన, యమున సుత వచ్చింది.

ఒక అద్దాల అర్రల కూసోబెట్టి, చెవులకు డొప్పలు పెట్టి, సప్పుడు వినవడితె బటన్ ఒత్తుమన్నరు. అక్కా, నేను ఒత్తుకుంట ఒత్తుకుంట పోయిన. తర్వాత ఏం సప్పుడు లేదు, అయిపోయిందనుకొని కూసున్న. అద్దం అవుతల యమున మొఖం చూస్తె ఏడుస్తుంది. నాకు వినవడనియి ఆడ మస్తు ఉన్నయంట. బుగులైంది. ఇగ గిటార్ ఖతమా అని అడిగిన.

డాక్టరమ్మ మంచిది. చెప్పింది: కొంచెం పోయింది, అది రాదు. గని ఎక్కువ మాత్రం అలిసిపోయిన చెవే, ఘోషకు దూరముంచితె తేరుకుంటది. ప్లాంటుల చెవులకు పెట్టుకునే ప్లగ్గులు ఇయ్యలేదా అన్నది. ఇచ్చిన్రు అక్కా. నా లాకర్ల డబ్బల డబ్బలు పడున్నయ్. పెట్టుకుంటె పోశాలు చెప్పే జోకులు వినరావని నేనే పెట్టుకోలే. గిది విని డాక్టరమ్మ నవ్వింది, ఎనుకనే తిట్టింది. గిప్పటికెల్లి పెట్టుకుంటున్న. పోశాలు సుత పెట్టుకుంటున్నడు, ఇద్దరం సైగలతోని మాట్లాడుకుంటున్నం. బాపుకు మాత్రం చెప్పకు.

ఇంకోటి విను. గియ్యాల నాకు వీక్లీ ఆఫ్. పొద్దుగాల లేచి, ఛాయ తాగి, ఏ ఘోష లేని చెవులతోని నా లీడ్ ప్యాచ్ విన్న. అమ్మో! హెడ్‌ఫోన్లు ఇసిరేసిన! గా సప్పుడును నేను చర్చిల పెట్టిన్నా? పోచమ్మవ్వ కాల్లు మొక్కాలె.

మీటర్ సంగతి సుత సమజైంది. క్లీన్ ప్యాచ్ టక్కున లేచి టక్కున పడుతది. మీటర్ ఆ లేచిందే చూస్తది. లీడ్ లేచిందంటె ఇగ కూసోదు, ఆడనే నిలవడుతది. ఇద్దరు ఒక్క గీతనే ముట్టుకున్నరు గని ఒకడు ఎగిరి ముట్టి దిగిండు, ఇంకొకడు నిచ్చెనేసుకొని ఆడనే కూసున్నడు. చెవికి ఎవ్వడు బరువు? మీటర్లకు తెల్వదు. మనిషి చెవికే తెలుసు.

గందుకే నా చెవులను నేను నమ్మ. అక్కా, డబ్బను ఆర్టీసీ కార్గోల నీకు పంపుతున్న. నీ పేరు మీద మహబూబాబాద్ బస్టాండ్‌ల తీసుకో. ఎవ్వలను ముట్టనియ్యనిది నీకిస్తున్న. లెవెల్ నువ్వే సరిచెయ్యి.

ఎట్లనో రాస్త. హెడ్‌ఫోన్ల అస్సలు వద్దు. ఇంట్ల మెల్లగ పెట్టి వద్దు. చర్చిలనే, డ్రమ్స్, కీబోర్డు అన్నీ పాట నాడు ఎంత మోగుతయో అంత మోగంగనే చెయ్యాలె. గిటార్ అజిత్‌తోని వాయింపియ్యి, వెంకట్రామన్న చెల్లె కొడుకు, డిగ్రీ అయినోడు, వాని చెయ్యి మంచిగున్నది. ముందుగాల క్లీన్ పెట్టు, దాన్ని కదిలియ్యకు, దానికంటె సప్పుడున్నయన్ని దాని కాడికి దించు. పెంచుకుంట పోతె అంతుండదు. ప్రతి ప్యాచ్‌ల ఆఖరుకు లెవెల్ అని ఒక నాబ్ ఉంటది. లెవెల్ నాబ్ ఒక్కటే తిప్పు. గెయిన్ ముట్టినవా, చంపేస్త. గెయిన్ తిప్పితె గొంతే మారుతది. లెవెల్ తిప్పితె గొంతు అదే ఉంటది, దగ్గరికొస్తది, దూరం పోతది. ట్రెబుల్ ఎంత పెట్టిన్నో అంత తీసెయ్, అది నా పాపం.

అక్కా, జల్ది రాయి. డబ్బ లేక ఇల్లు బోసిగున్నది.

జీవన్

~

మహబూబాబాద్
నవంబర్ ఆఖరు

తమ్మీ! తమ్మీ! తమ్మీ!

యాడికెల్లి షురూ చెయ్యాల్నో తెలుస్తలేదు. జల్ది జల్ది రాస్తున్న, అక్షరాలు వంకరబోతె ఏమనుకోకు.

డబ్బను ఒడిల పెట్టుకొని ఆటోల చర్చికి తెచ్చిన, పసిపిల్లను తెచ్చినట్టు. వెంకట్రామన్న "నువ్వు తిప్పుతవా? నువ్వా?" అన్నడు. "మిషిని మీద కుట్టు సైజు నేను తిప్పుత లేనా అన్నా, గిది సుత నాబే గద" అన్న. మైకు ముందట నిలవడితె నా పాట నేను పాడుకోవాలె, గిటార్ కాడ ఉంటె నాబ్ తిప్పాలె. ఎట్ల? మైకు స్టాండును గుంజుకొచ్చి డబ్బ పక్కన పెట్టిన. పాడుకుంటనే వంగి తిప్పుడు. నడుము పోయింది!

పోచమ్మవ్వను ఆఖరి బల్ల మీద కూసోబెట్టిన. "అవ్వా, మాటలు వినవడితె చెయ్యి దించు, వినవడకుంటె లేపు" అన్న. "గది నాకు నువ్వు నేర్పుతవా" అని కసిరింది. క్లీన్ పెట్టినం, చెయ్యి ఒడిల ఉన్నది. క్రంచ్ తొక్కిండు అజిత్, లేచింది చెయ్యి. నేను లెవెల్ జర దించిన. ఇంకా లేచే ఉన్నది. ఇంకింత దించిన. మెల్లగ, మెల్లగ... దిగింది! అట్లనే ఆడనే సేవ్ కొట్టిన. అజిత్ క్లీన్, క్రంచ్, క్లీన్, క్రంచ్ అని మార్చుకుంట వాయిస్తుంటె నాకు నవ్వాగలే. గొంతు మారుతుంది గని మనిషి దగ్గరికొచ్చినట్టు లేదు, దూరం పోయినట్టు లేదు. ఒక్కతాన్నే నిలవడి మాట్లాడుతున్నడు.

లీడ్‌తోని మాత్రం కొట్లాట అయింది. క్లీన్‌తోని సమానం చేస్తె, వెంకట్రామన్న డ్రమ్స్ గట్టిగ ఎత్తుకోంగనే లీడ్ మునిగిపోయింది. పాపం అజిత్ తీగె గుంజుకుంట మొఖం ఎర్రగ చేసుకుంటున్నడు, ఏం వినరాదు. అప్పుడు సమజైంది నాకు, లీడ్ ఇంకొక్క రవ్వ మీదుండాలె. అందరు మాట్లాడుతుంటె చెప్పేటోడు ఒక్క రవ్వ గొంతు లేపుతడు గద, అంత. పెంచిన. లత తల ఊపింది! ఎవ్వలు? గిటార్ పడని లత!

ఇంకోటి గూడ దొరికింది. లీడ్‌ల దొడ్డు సప్పుడు మస్తు ఉండె. ఒక్కతె వింటె భలే ఉన్నది గని, నా గొంతు సుత ఆడనే ఉంటది, రెండు ఒక్క దర్వాజల ఇరుక్కుంటున్నయ్. దాన్ని తీసేసిన. నువ్వు తిట్టుకో. తీసేసిన.

ఆఖరికి పాట మొత్తం పాడిన తమ్మీ.

ఎర్ర మిరపకు ఎరుపెవ్వలిచ్చిన్రు
ఏరే చేతికి సత్తువెవ్వలిచ్చిన్రు
అడిగితె నవ్వుతవు, అడగకున్న ఇస్తవు
నువ్వెసొంటోనివయ్యా నా దేవా

అవ్వ చెయ్యి లేవలే. ఒక్కసారి గూడ లేవలే. పాట అయినంక వెంకట్రామన్న పుల్లలు కింద పెట్టి, "గీ మాటలు నేను గిప్పుడే వింటున్న" అన్నడు. ఇంక మాట ఇయ్యలే, "జనగామల చూద్దం, ఆ హాలు పెద్దది" అన్నడు.

జనగామల నువ్వే వాయించాలె. అజిత్ మంచోడే గని నువ్వు కాదు గద. సెలవు పెట్టు. పెట్టకపోతె భూపాలపల్లి వచ్చి ప్లాంటు గేటు కాడ కూసుంట.

అక్క

~

భూపాలపల్లి
డిసెంబర్

అక్కా,

నీ ఉత్తరం మూడు తాపలు చదివిన, ప్లాంటు క్యాంటీన్ల పోశాలుకు సుత చదివి వినిపించిన. వాడు ప్లగ్గులు తీసి మరీ విన్నడు. నువ్వు లీడ్‌ల దొడ్డు సప్పుడు తీసేసినవంటె ముందుగాల పెయ్యి మండింది, తర్వాత గదే కరెక్టనిపించింది.

గని సెలవు లేదు. యూనిట్ ఓవర్‌హాల్ పడ్డది, మిషిన్లన్ని ఇప్పి బిగించాలె, ఫిట్టర్లందరి సెలవులు బంద్. సార్‌ను బతిమిలాడిన, ఆయన చేతిల సుత లేదు. నువ్వు వచ్చి గేటు కాడ కూసున్నా ఛాయ తాపిచ్చి పంపిస్తరు గంతే.

అజిత్‌తోనే వాయింపియ్యి. ప్యాచ్ మార్చెటప్పుడు కింద చూడొద్దని చెప్పు, వేల్లు తప్పుతయి. జనగామ హాల్ల నాబులు ముట్టనియ్యకు. హాల్ పెద్దగుంటె మిక్సర్ కాడ మొత్తం సప్పుడు పెంచుతరు, ప్యాచ్‌లన్ని కలిసే లేస్తయి. గదే గద మనం ఇన్నొద్దులు చేసింది. ఎవ్వడన్న వచ్చి "జర లీడ్ పెంచు తమ్మీ" అంటె చెయ్యి మీద కొట్టు.

నేను లేనని బాధపడకు. ఈడ పని చేసుకుంటనే నీ టైముకు ప్రార్థన చేస్త.

జీవన్

~

మహబూబాబాద్
డిసెంబర్, జనగామ కెల్లి వచ్చిన తెల్లారి

రాని తమ్మునికి,

గెలిచినం! ముందుగాల గది రాయాలె గని, నీ మీద కోపమున్నది గనుక రాని తమ్ముడని రాసిన. గెలిచినంరా!

హాల్ అంటె అది హాల్ కాదు, మిల్లు గోదాము లెక్కున్నది. ముందు పాడినోల్లందరి పాటలు గోడలకు కొట్టుకొని గాయిగాయి అయినయ్. నువ్వు చెప్పినట్టే ఒకాయన వచ్చిండు, మిక్సర్ కాడి మనిషి, "గిటార్ లెవెల్ పెంచుకోండ్రి" అని డబ్బ మీదికి వంగిండు. అజిత్ చెయ్యి మీద కొట్టిండు! నిజంగనే కొట్టిండు. ఆయన బిత్తరపోయి అటే పోయి మొత్తం కలిపి పెంచిండు. గంతే తమ్మీ. అన్నీ కలిసి లేచినయ్, అన్నీ ఒక్కతాన్నే ఉన్నయ్.

"ఎరుపెవ్వలిచ్చిన్రు" అని ఎత్తుకోంగనే ముందు వరుసల జనగామ ఆడోల్లు ఒకల దిక్కు ఒకలు చూసుకున్నరు. నవ్వుతరేమో అనుకున్న, మన మాటలని. సినిమాలల్ల జోకులకు వాడుకునే మాటలే గద. నవ్వలే. రెండో తాపకు వాల్లే పాడుతున్నరు, "నువ్వెసొంటోనివయ్యా" అని హాలంత! నేను మైకు ఇడిచి ఊకున్నా పాట నడుస్తనే ఉన్నది. వెంకట్రామన్న డ్రమ్స్ ఎనుక నిలవడి కొడుతున్నడు, కూసోలేకపోయిండు. దిగినంక చెయ్యి పట్టుకొని, "ఒక్క అక్షరం మార్చ అఖిలా, గిట్లనే రికార్డు" అన్నడు. రూప ఉరికొచ్చి కావలిచ్చుకున్నది. "నాతోని పాడించకున్న మంచే అయింది, ఆ మాటలు నీ నోట్లనే ఉండాలె" అన్నది. బాపు పోయి అందరికి ఐస్‌క్రీములు తెచ్చిండు.

నువ్వొక్కనివే లేవు. అంత మందిల నీ కోసమే చూసిన. కోపం గాదు తమ్మీ, నువ్వు వినాలె అనుకున్న. నువ్వు వినాలె అని రాసుకున్నది అండ్ల ఉన్నది.

అక్క

~

భూపాలపల్లి
డిసెంబర్

అక్కా,

నేను వచ్చిన.

పోశాలు, మనం జోకుల పోశాలంటమే, రేగొండాయన, పొద్దుగాల వాడే "నీ డ్యూటీ నేను చేస్త, మాపటిలోపు రా" అని ప్లగ్గులు చెవులల్ల పెట్టుకొని లోపటికి పోయిండు. నేను ఉన్న బట్టల మీదనే హనుమకొండ బస్సెక్కిన, ఆడికెల్లి జనగామ. హాల్ కాడ దిగేసరికి మీ పేరు పిలుస్తున్నరు. ముందటికి రాలే. వస్తె అజిత్ బెదురుతడు, ఇంకోటి, నా చెయ్యి నాబ్ మీదికి పోకుంట ఉంటదా? దర్వాజ కాడ చెప్పుల పక్కన నిలవడ్డ. పాట కాంగనే మల్ల బస్సుకు ఉరికిన, పోశాలుకు మాటిచ్చిన గద.

అక్కా, నువ్వు కట్టిన పాట ఎన్ని తాపలు వాయించిన నేను? నాకు తీగెలు తెలుసు, ఏడ మారాల్నో తెలుసు, ఏడ లీడ్ ఎత్తుకోవాల్నో తెలుసు. ఆఖరి చరణం షురూ కాంగనే లీడ్ తొక్కి కండ్లు మూసుకునుడే. ఆ చరణంల ఏమున్నదో నాకెన్నడు తెల్వదు. జనగామలనే విన్న. ఆడ దర్వాజ కాడ, ఖరాబైన నా చెవులతోని, ఒక్కొక్క మాట విన్న.

తీగె మీది తమ్ముని వేలికి తీపెవ్వలిచ్చిన్రు
దూరమున్న గని నా పాటకు తోడెవ్వలిచ్చిన్రు

ఒక్క మాటన్న చెప్పలేదేంది అక్కా? నువ్వు నా కోసం దేవునికి మొక్కుతుంటె, ఇన్నొద్దులు ఆ మాటల మీదనే నేను పిడుగులు కురిపించిన్నా? చెప్పుల మీదనే కూలబడ్డ. పక్కనున్నాయన "ఏమైంది బ్రదర్, పానం బాగలేదా" అని నీల్లు తెచ్చిచ్చిండు. "ఆమె మా అక్క" అని చెప్పిన.

రికార్డింగుకు వస్త, సంక్రాంతి దాటినంక సెలవు ఇస్తమన్నరు. అజిత్‌కు సుత చెప్పు, ఇద్దరం వాయిస్తం. లెవెల్ నువ్వు పెట్టిన కాడ ఎట్లున్నదో అట్లనే ఉంటది, నేను ముట్ట. గని ఆఖరి చరణం కాడ లీడ్ వద్దు, క్లీన్ వద్దు, ఏదీ వద్దు. నేను చేతులు కట్టుకొని నిలవడుత. నువ్వు పాడు, నేను వింట.

నీ తమ్ముడు
జీవన్